లాకప్‌లో లైటు పెట్టండి, దాని డ్రైవర్‌ని మాత్రం వరండాలోనే ఉంచండి

హైదరాబాద్‌లో ఒక పోలీస్ స్టేషన్ లాకప్‌కి లైట్లు మార్చే పని తనకి వచ్చిందని ఒకరు చెప్పారు. మామూలు ఎల్ఈడీ బల్క్‌హెడ్ (గోడకి బిగించే మూసిన లైటు డబ్బా) కొని, పైన ఇనుప జాలీ వెల్డింగ్ చేయిస్తే సరిపోదా అని అడిగారు. సరిపోదు. అసలు ప్రమాదం ఆ జాలీతోనే మొదలవుతుంది. ఉరికి గుడ్డ పేలిక చిక్కించుకోవడానికి జాలీకి మించిన చోటు ఉండదు. వెల్డింగ్ ఊడిన కడ్డీ ముక్క మనిషిని కోస్తుంది. నేల మీద గళ్లగళ్లుగా నీడలు పడి సెంట్రీకి గానీ కెమెరాకి గానీ ముఖం తెలియదు. ఇప్పటికే జాలీలు బిగించి ఉంటే ముందు వాటిని తీసేయించండి.

విప్పి బాగుచేయాల్సిన వస్తువేదీ గది లోపల ఉండకూడదు. ఈ పనిలో నేను మొదట చూసేది ఇదే. ఎల్ఈడీ ఫిట్టింగుల్లో చిప్ కన్నా ముందు డ్రైవర్, అంటే మెయిన్ కరెంటుని ఎల్ఈడీకి తగినట్టు మార్చే డబ్బా, పోతుంది. అందులోని కెపాసిటర్ వేడికి ఎండిపోతుంది, పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగమవుతుంది. ఆ డ్రైవర్ లాకప్ లోపలే ఉంటే రిపేరు వచ్చిన ప్రతిసారీ లోపలి మనిషిని ఇంకో గదికి మార్చాలి, కాపలా పెట్టాలి, నిచ్చెనా పనిముట్లూ లోపలికి తేవాలి, పోయేటప్పుడు ఒక్కొక్కటీ లెక్క చూసుకోవాలి. ఇంత తతంగం ఎవరికీ ఓపిక ఉండదు. రేపు, ఎల్లుండి అంటూ వారాలు గడిచిపోతాయి, ఆ గదిలో మనుషులు చీకట్లోనే ఉంటారు.

కాబట్టి 230 వోల్టులు వరండాలోనే ఆగిపోవాలి. తాళం ఉన్న డబ్బాలో 24 వోల్టుల డీసీ డ్రైవర్ పెట్టండి. దాని మీద సెల్వ్ (SELV, మెయిన్ కరెంటు నుంచి విడదీసిన, తాకినా ప్రమాదం లేనంత తక్కువ వోల్టేజి) అని రాసి ఉందో లేదో చూసి కొనండి. 10 అడుగులకి 12 అడుగుల గదికి ఎదురెదురు మూలల్లో 18 వాట్ల ఫిట్టింగులు రెండు చాలు, ఒకటి పోయినా ఇంకోటి వెలుగుతుంది. రెండింటికీ కలిపి లోడు 36 వాట్లు, కరెంటు ఒకటిన్నర ఆంపియర్లు. డ్రైవర్ మాత్రం 60 వాట్లది పెట్టండి. మే నెలలో మూసిన ఇనుప డబ్బా లోపల ఎంత వేడి ఉంటుందో చెయ్యి పెట్టి చూస్తే తెలుస్తుంది, ఆ వేడిలో డ్రైవర్ పూర్తి లోడు మోయలేదు. గదికి పది మీటర్ల దూరంలో డ్రైవర్ ఉంటే, 1.5 చదరపు మి.మీ. రాగి వైరుతో పోయే వోల్టేజి 0.36. దానితో ఇబ్బంది లేదు. నలభై మీటర్లు లాగితే మాత్రం ఒకటిన్నర వోల్టుల దాకా పోతుంది, లైటు మందగిస్తుంది. అన్ని గదుల డ్రైవర్లనీ రైటర్ (స్టేషన్ రికార్డులు రాసే పోలీసు) గది పక్కన ఒకే చోట పెడతామనే వాళ్లకి ఈ లెక్క చూపించండి. 24 వోల్టుల వైర్లనీ 230 వోల్టుల వైర్లనీ ఒకే పైపులో లాగొద్దు. ఎక్కడో ఇన్సులేషన్ గీరుకుపోయిన రోజున సెల్వ్ అన్న మాటకి అర్థం ఉండదు.

వైరు వరండా వైపు నుంచి గోడకి అడ్డంగా వేసిన రంధ్రంలోంచి నేరుగా ఫిట్టింగు వెనక్కి రావాలి. గది లోపల పైపు, స్విచ్చి, జంక్షన్ బాక్సు ఏదీ కనపడకూడదు. వైర్ల మీద మూసే ప్లాస్టిక్ పట్టీ, అదే కేసింగ్ కేపింగ్, అయితే అసలే వద్దు, గోరుతో లాగినా ఊడివస్తుంది. అయినా ఎస్టిమేట్లలో ఇంకా అదే రాస్తున్నారు.

ఫిట్టింగు గోడా స్లాబూ కలిసే మూలలో ఏటవాలుగా కూర్చోవాలి. బాడీ 2 మి.మీ. ఉక్కు రేకు, కవర్ 5 లేదా 6 మి.మీ. గట్టి పాలీకార్బొనేట్. దుకాణంలో దెబ్బలు తట్టుకునే రేటింగు ఐకే10 అని చూపిస్తారు. అంటే 20 జౌళ్ల దెబ్బ, 5 కిలోల బరువు 40 సెంటీమీటర్ల ఎత్తునుంచి పడినంత. మంచిదే, కానీ ఆ పరీక్షలో కొట్టేది లెక్కపెట్టిన కొన్ని దెబ్బలే. రాత్రంతా కొట్టే మనిషి ముందు నిలబడేది గోడలోని పట్టు. ఫాస్టనర్ (గోడలోకి దిగే బోల్టు) ప్లాస్టరింగులో ఆగిపోతే ఎంత గట్టి డబ్బా అయినా పెళ్లతో సహా ఊడిపోతుంది. ప్లాస్టరింగు దాటి ఇటుకలోకో స్లాబులోకో కనీసం 60 మి.మీ. దిగాలి. రాయీ సున్నమూ కలిపి కట్టిన పాత గోడ అయితే బిగించే కొద్దీ వ్యాకోచించే ఫాస్టనర్ గోడనే పగలగొడుతుంది, అక్కడ కెమికల్ యాంకర్ (రంధ్రంలో గట్టిపడే జిగురు నింపి దించే బోల్టు) వాడాలి. బాడీకీ గోడకీ మధ్య సందులో సిలికాన్ పూస్తే వారంలో గీకేస్తారు. రాయిలా గట్టిపడే ఎపాక్సీయో పాలీయురేథేనో నింపండి.

ఇక కవర్ పగలడం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎందుకంటే తప్పు ఎప్పుడూ లోపల ఉన్నవాడి మీదే వేస్తారు. లైట్లు బిగించిన కొన్ని నెలలకి స్క్రూల చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు కనిపిస్తాయి. ఒకరోజు చిన్న దెబ్బకే మూల ఊడి పడుతుంది. కొట్టి పగలగొట్టాడని రాసేస్తారు. కవర్ దించి చూస్తే కారణాలు ఆ రంధ్రాల దగ్గరే ఉంటాయి. స్క్రూ వదులు కాకూడదని మెకానిక్ మర మీద లాకింగ్ ద్రవం వేసి ఉంటాడు. ఇంజన్ బోల్టులకి అది మంచిదే, పాలీకార్బొనేట్‌ని మాత్రం లోలోపల చీల్చేస్తుంది. తర్వాత ఇన్‌స్పెక్షన్ అని రంగులు వేయిస్తారు, కవర్ మీద పడిన చుక్కల్ని పెయింటర్ థిన్నర్‌తో తుడుస్తాడు. ఆ తుడుపుతో మిగిలిన బలమూ పోతుంది. మూడో కారణం రంధ్రం కొలత. అరవై సెంటీమీటర్ల కవర్ ముప్పై డిగ్రీల వేడికి మిల్లీమీటరు పైనే సాగుతుంది. స్క్రూ సైజుకే రంధ్రం వేస్తే ఆ సాగుడికి చోటు లేక అక్కడే చిట్లుతుంది. కవర్‌కి అసలు రంధ్రాలే వేయకుండా వెనకనుంచి ఉక్కు ఫ్రేములో పట్టించడం అన్నిటికన్నా మంచిది. తప్పక వేయాల్సి వస్తే స్క్రూ కన్నా ఒకటిన్నర మి.మీ. పెద్దగా వేయండి. స్క్రూలు నడుమ ముల్లున్న స్టార్ తలవి, స్టెయిన్‌లెస్‌వి తీసుకోండి. తుడవడానికి సబ్బునీళ్లు చాలు, థిన్నర్, పెట్రోలు, అమ్మోనియా ఉన్న లిక్విడ్లు తాకించొద్దని డ్రైవర్ డబ్బా మూత మీద తెలుగులో రాసి పెట్టండి.

హైదరాబాద్ ట్రూప్ బజార్‌లో పాలీకార్బొనేట్ పేరు చెప్పి అక్రిలిక్ అంటగడితే పట్టుకోవడం తేలికే. ఒక ముక్క అడిగి వంచండి. పాలీకార్బొనేట్ వంగుతుంది, అక్రిలిక్ ఫట్‌మని పెళుసుగా విరుగుతుంది. ఆ విరిగిన అంచు లాకప్‌లో కత్తితో సమానం.

వెలుగు ఎంత కావాలంటే, పైన చెప్పిన రెండు ఫిట్టింగులూ ఒక్కోటి బయటికి 1700 ల్యూమెన్ల వెలుగు ఇస్తే, లేత రంగు గోడలున్న గదిలో నేల మీద 120 లక్స్ (చదరపు మీటరుకి పడే ల్యూమెన్లు) దాకా వస్తుంది. కింద సగం ముదురు ఆయిల్ పెయింట్ వేసే అలవాటుంది చూడండి, దానితో అందులో కొంత భాగం పోతుంది. లైటు రంగు 4000 కెల్విన్ (మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపు) తీసుకోండి, సీఆర్ఐ (రంగుల్ని ఉన్నవి ఉన్నట్టు చూపే గుణానికి వందలో కొలత) 80కి తగ్గొద్దు, 90 దొరికితే ఇంకా మంచిది. కమిలిన దెబ్బ, నీలబడిన పెదవి, కామెర్ల పసుపు చవక లైట్ల కింద తెలియవు. అరెస్టయిన మనిషి ఒంటిమీది గాయాలు నమోదు చేయాలని, కస్టడీలో 48 గంటలకోసారి డాక్టరు చూడాలని డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఆ గాయాలు కనిపించాలంటే ఈ సీఆర్ఐ కావాలి, దాన్ని మాత్రం టెండర్లలో మరిచిపోతారు.

రాత్రికి వేరే లైటు, వేరే వైరు వేయండి. తెల్ల లైటు 24 గంటలూ వెలిగించి నిద్ర లేకుండా చేయడం హింసే. చీకటి గదిలో గానీ, ఎప్పుడూ లైటు వెలిగే గదిలో గానీ ఉంచి శిక్షించడాన్ని ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి చేసిన 2015 నాటి నెల్సన్ మండేలా నియమాల్లో 43వది నిషేధిస్తుంది. మూడు వాట్ల పసుపు లైటు, 5 లక్స్ చాలు. మనిషి ఊపిరి పీల్చడం సెంట్రీకి కనిపించాలి, నిద్ర చెడకూడదు. స్విచ్చి వరండాలో సెంట్రీ చేతికి అందేలా ఉండాలి. కెమెరా సంగతీ చూసుకోండి. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు లాకప్‌లన్నిటికీ రాత్రి చూపున్న సీసీటీవీ పెట్టమంది. లైటు కెమెరా కంటికి ఎదురుగా ఉండొద్దు. చవక డిమ్మర్ వాడితే రికార్డింగులో అడ్డచారలు కదులుతుంటాయి.

గాలివాన వచ్చి కరెంటు పోతే ఈ 24 వోల్టుల పద్ధతి బాగా అక్కరకొస్తుంది. 12 వోల్టుల 26 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీలు రెండు సిరీస్‌లో కలిపితే, నాలుగు గదుల రాత్రి లైట్లకి 12 వాట్లే కాబట్టి సగం ఛార్జింగుతోనే రోజంతా నడుస్తాయి. ఛార్జింగులో వోల్టేజి 28.8కి ఎక్కుతుంది కనక ఫిట్టింగు 22 నుంచి 29 వోల్టులు తట్టుకోవాలి. వరండా డీబీలో (డిస్ట్రిబ్యూషన్ బోర్డులో) పిడుగుల్లాంటి వోల్టేజి పోట్లని ఆపే సర్జ్ ప్రొటెక్టర్, వోల్టేజి పెరిగితే సప్లై తెంచే ఓవర్ వోల్టేజి రిలే పెట్టించండి. త్రీ ఫేజ్ సప్లైలో న్యూట్రల్ తెగిన రోజు 230 ఉండాల్సిన చోటికి 400 దాకా వస్తుంది, డ్రైవర్లన్నీ ఒక్కసారే పోతాయి.

ఎస్టిమేట్‌లో "ఎల్ఈడీ బల్క్‌హెడ్ 18 వాట్స్" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తే తక్కువ రేటుకి వచ్చేది పల్చటి డబ్బానే. కవర్ మందం, ఫాస్టనర్ లోతు, సీఆర్ఐ, వరండాలో డ్రైవర్, విడిగా రాత్రి లైటు ఒక్కొక్కటీ వేరే లైనుగా రాయించండి. రెండు డ్రైవర్లూ, ఒక కవరూ, స్టార్ బిట్టూ స్పేర్‌గా స్టేషన్‌కి అప్పగించి సంతకం తీసుకోండి.