ముందు రెండు మీటలే చెయ్యి అల్లుడూ

ఒరేయ్ అల్లుడూ,

పాటల మధ్య కాలితో టోన్ మార్చడానికి ఎనిమిది మీటల పెడల్ చేస్తానని నువ్వు గీసి పంపిన బొమ్మ చూశాను. ముచ్చటేసింది. కానీ ముందు రెండే చెయ్యి. మీ రాయగడలోనైనా మా పర్లాకిమిడిలోనైనా తెలుగు కీర్తన అయ్యీ అవ్వగానే ఒడియా భజన ఎత్తుకుంటారు, నీ రెండు చేతులూ కీబోర్డు మీదే ఉంటాయి, ఆలోపు ల్యాప్‌టాప్‌లో హార్మోనియం టోన్ వేణువుకి మారిపోవాలి. దానికి టోన్ల వరసలో ముందుకొకటి, వెనక్కొకటి చాలు.

పెడల్ లోపల పెట్టే ఆర్డునో బోర్డు, అంటే మనం రాసిన కోడ్ ఎక్కించుకునే చిన్న సర్క్యూట్, మామూలు ఊనో రకం కొనకు, అది నేరుగా మిడి పరికరంలా, అంటే వాయిద్యాల సంకేతాలు పంపేదానిలా, కంప్యూటర్‌కి కనపడదు. ప్రో మైక్రో గానీ లియోనార్డో గానీ తీసుకో. మిడియూఎస్‌బీ అనే రెడీమేడ్ కోడ్ లైబ్రరీ వేస్తే చాలు, కేబుల్ పెట్టగానే ల్యాప్‌టాప్ గుర్తుపడుతుంది.

స్విచ్ మాత్రం కాలింగ్ బెల్‌లా నొక్కినంతసేపే కలిసేది కావాలి, షాపులో మొమెంటరీ అని అడుగు. టక్కుమని చప్పుడు చేసే రకం వద్దు, ఆలాపన మెల్లగా సాగేటప్పుడు అది మైకులో పడుతుంది. స్విచ్ నుంచి ఒక వైరు బోర్డు పిన్‌కి, ఇంకోటి బోర్డు మీది గ్రౌండ్‌కి. కోడ్‌లో ఇన్‌పుట్ పుల్లప్ (INPUT_PULLUP) అని రాస్తే బోర్డు లోపలి రెసిస్టరే పనిచేస్తుంది, విడిగా అక్కర్లేదు, నొక్కినప్పుడు సున్నా వస్తుంది. అయితే నొక్కగానే లోపలి రేకులు అదిరి ఒక్క నొక్కు రెండు మూడుగా లెక్కపడుతుంది. ఈ సంగతి తెలియక ఒకసారి హారతి పాటలో వేణువు దాటి ట్రంపెట్ మోగింది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మొదటి నొక్కు తర్వాత 20 మిల్లీసెకన్లు ఏమొచ్చినా వదిలెయ్యమని కోడ్‌లో రాయి. టోన్ నంబర్లు లోపల 0 నుంచి 127, కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 నుంచి 128 అని చూపిస్తాయి, ఒకటి తేడా వస్తే కంగారు పడకు.

ఇక పెట్టె. అందరూ దీన్ని ఆఖర్న చూసుకుంటారు గానీ అసలు పని ఇక్కడే ఉంది. మనం వేదిక మీద చెప్పులు విప్పి వాయిస్తాం కదా, సన్నటి ఇనుప మీట ఒట్టి కాలికి గంటసేపట్లోనే నొప్పెడుతుంది, దానిమీద సీసా మూతంత వెడల్పు ప్లాస్టిక్ టోపీ అతికించు. మీటల మధ్య కనీసం 10 సెంటీమీటర్లు వదులు, లేకపోతే బొటనవేలు ఒకదాని మీద, చిటికెనవేలు ఇంకోదాని మీద పడతాయి. ప్లైవుడ్ కింద పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించు, జంపఖానా మీద జారదు.

ప్రో మైక్రోలో యూఎస్‌బీ సాకెట్ చాలా సున్నితం. పందిట్లో ఎవరో కేబుల్ తట్టుకుని నడిచేసరికి నాది ఊడి చేతికొచ్చింది, సగం భజన టోన్ మార్చకుండానే లాగించాను. కేబుల్‌ని పెట్టె లోపల ఒక చుట్టు వదులుగా ఉంచి ప్లైవుడ్‌కి టై వేసి బిగించు, లాగినా ఆ బరువు సాకెట్ మీద పడకూడదు.

నవమికి వస్తావుగా, ప్లైవుడ్ కోయించకుండా అలాగే పట్రా. నీ పాదం పెట్టి చూసి గీత గీద్దాం.

మీ మావయ్య