విమానాశ్రయం వైన్ బార్‌లో నాపా, సొనోమాల తేడా తెలుస్తుందా?

శాన్ ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో నాలుగు గంటల ఖాళీ ఉంది, అక్కడి వైన్ బార్‌లో కూర్చుంటే కాలిఫోర్నియాలో పక్కపక్కనే ఉన్న నాపా, సొనోమా కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వైన్‌లకు తేడా తెలుస్తుందా, లేక డబ్బు దండగా అని అడిగారు. తెలుస్తుంది. అయితే మెనూలో ముందే కూర్చి పెట్టిన మూడు గ్లాసుల వరస తీసుకుంటే మాత్రం తెలియదు.

ఆ వరసలో సాధారణంగా ఒక షార్డొనే, ఒక పినో నువార్, ఒక కాబెర్నే సోవిన్యోన్ ఉంటాయి. ఒకటి తెలుపు, ఒకటి పలుచని ఎరుపు, ఒకటి చిక్కని ఎరుపు. వాటి వల్ల ద్రాక్ష రకాల తేడా తెలుస్తుంది, ఊళ్ల తేడా కాదు. ద్రాక్ష ఒకటే ఉండి చోటు మారాలి. వీలైతే పంట సంవత్సరం కూడా ఒకటే ఉండాలి. నేను అక్కడ ఎప్పుడు ఆగినా అడిగేది ఇదే: ఒకే ద్రాక్షతో నాపాది ఒకటి, సొనోమాది ఒకటి, తలా రెండు ఔన్సులు. అంటే సుమారు 60 మిల్లీలీటర్లు. మెనూలో రాసి లేకపోయినా, సీసా తెరిచి ఉంటే చాలా చోట్ల కాదనరు.

ఏ ద్రాక్ష అడగాలి? అందరూ నాపా పేరు వినగానే కాబెర్నే అడుగుతారు. 1976లో పారిస్‌లో జరిగిన పోటీలో ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, తమ దేశపు బోర్డో ప్రాంతం వైన్‌లను కాదని నాపాకు చెందిన 1973 నాటి కాబెర్నేకు మొదటి స్థానం ఇచ్చారు. ఆ కీర్తికి మనం ఇప్పటికీ ధర కడుతున్నాం. నా సలహా పినో నువార్. తొక్క పలుచన కాబట్టి చలీ వేడీ ఎంత పడ్డాయో దాచుకోలేదు. కాబెర్నేలో ఓక్ పీపా వాసన చాలా సంగతులను కప్పేస్తుంది.

తేడా అంతా పొగమంచులో ఉంది. లోపలి లోయలు మధ్యాహ్నం వేడెక్కితే పసిఫిక్ మీది చల్లని గాలి పొగమంచుతో సహా లోపలికి వస్తుంది. సొనోమా సముద్రం పక్కనే ఉంది కాబట్టి ఆ చలువ నేరుగా తగులుతుంది. నాపాకు పడమట మాయాకమాస్ కొండలు అడ్డు. చల్లగాలి ఎక్కువగా దక్షిణాన శాన్ పాబ్లో అఖాతం వైపు నుంచి వస్తుంది. అందుకే నాపాలో ఉత్తరానికి వెళ్లేకొద్దీ వేడి పెరుగుతుంది, ఉత్తరపు కొసన ఉన్న కాలిస్టోగా బాగా వేడి. పినో నువార్ దక్షిణపు కొసన ఉన్న కార్నెరోస్‌లోనే బాగా పండుతుంది. కార్నెరోస్ రెండు కౌంటీలలోనూ పరుచుకుని ఉంది కాబట్టి, సీసా నాపా వైపుదో కాదో అడిగి తెలుసుకోండి. దాని పక్కన సొనోమా కోస్ట్ పినో పెట్టుకోండి. అది దొరకకపోతే సొనోమాలోనే ఉన్న రష్యన్ రివర్ వ్యాలీది. లేబుల్ మీద ఉత్త "కాలిఫోర్నియా" అని ఉంటే ఆ గ్లాసు ఈ పనికి రాదు, రాష్ట్రంలో ఎక్కడి ద్రాక్ష అయినా అందులో ఉండవచ్చు. నాపా వ్యాలీ, సొనోమా కోస్ట్ లాంటి గుర్తింపు పొందిన ద్రాక్ష ప్రాంతం పేరు వేయాలంటే కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదే కావాలి.

రుచి చూసేటప్పుడు పెద్ద మాటలేమీ అక్కర్లేదు. మింగాక నోరూరితే పులుపు ఎక్కువ, అంటే చల్లని చోటు. నేరేడు పండు తిన్నట్టు చిగుళ్లు బిగుసుకుంటే వగరు, అది తొక్కల నుంచీ గింజల నుంచీ వస్తుంది. గొంతులో మంట ఆల్కహాలుది. వైన్ గోరువెచ్చగా ఉంటే ఆ మంటే ముందు తెలుస్తుంది. విమానాశ్రయాల్లో ఎర్ర వైన్ తరచూ అలాగే వస్తుంది, కాసేపు మంచు బకెట్‌లో పెట్టమని అడగడానికి మొహమాటపడకండి. కాఫీ, పిజ్జా కౌంటర్లకు దూరంగా కూర్చోండి. జున్ను పళ్లెం తెప్పించుకున్నా ముందు వైన్‌లు రుచి చూశాకే ముట్టుకోండి, ఉప్పు తగిలితే వగరు మెత్తబడుతుంది. ఇంటి నుంచి తెచ్చుకున్న ఆవకాయ అన్నం సంగతి చెప్పనక్కర్లేదు. విమానంలో చూద్దాంలే అని మాత్రం వాయిదా వేయకండి, అక్కడి పొడి గాలికి ముక్కు సగం పని చేయదు.

నచ్చిన సీసా హైదరాబాదు తీసుకెళ్లవచ్చా అని కూడా అడిగారు. భద్రతా తనిఖీ దాటాక కొన్నదాన్ని విమానంలోకి తీసుకెళ్లవచ్చు, తెరిచి తాగకూడదు. కానీ దారిలో గల్ఫ్‌లోనో యూరప్‌లోనో విమానం మారితే మళ్లీ తనిఖీ ఉంటుంది. డ్యూటీ ఫ్రీ దుకాణం వారు ముద్రవేసే సంచిలో, రసీదుతో సహా లేకపోతే తీసేసుకునే ప్రమాదం ఉంది. బార్‌లో అలాంటి సంచి ఇస్తారో లేదో డబ్బు కట్టకముందే అడగండి. ఇవ్వకపోతే లేబుల్ ఫొటో తీసుకుని, మళ్లీ వచ్చినప్పుడు శాన్ ఫ్రాన్సిస్కో ఊళ్లోనే కొని చెక్‌ఇన్ పెట్టెలో వేసుకోండి. మన కస్టమ్స్ సుంకం లేకుండా అనుమతించే మద్యం రెండు లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు సరిపోతాయి, మూడోది పరిమితి దాటుతుంది.