లొంగిపోయిన తర్వాత ఇచ్చిన షాక్

ప్రశ్న: మేం మలక్‌పేటలో ఉంటాం. అయిదు నెలల క్రితం రాత్రి వాహన తనిఖీ దగ్గర మా తమ్ముడు పోలీసులతో వాగ్వాదానికి దిగి పరుగెత్తబోతే కరెంటు షాక్ ఇచ్చే పరికరం వాడారు. కింద పడ్డాక, ఇద్దరు కానిస్టేబుళ్లు పట్టుకున్నాక కూడా మరో రెండుసార్లు షాక్ ఇచ్చారు. విధులకు ఆటంకం కలిగించాడని వాడి మీదే కేసు పెట్టారు. అమ్మకు ఇప్పటికీ నిద్ర లేదు. దానివల్ల ప్రాణహాని ఉండదని స్టేషన్‌లో అన్నారు. అది నిజమా? దాన్ని నిషేధించమని కోర్టుకు వెళ్లవచ్చా? తెలిసిన డాక్టరు పాత తేదీతో గాయాల సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు. తీసుకోమంటారా?

జవాబు: మీ కేసును తేల్చేది మీరు రాసిన ఒకే ఒక్క మాట, ‘ఇద్దరు పట్టుకున్నాక కూడా’ అన్నది. అరెస్టును ప్రతిఘటించినా, తప్పించుకోబోయినా అవసరమైన బలం వాడే అధికారం పోలీసులకు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 43వ సెక్షన్ ఇచ్చింది. పారిపోకుండా ఆపడానికి కావలసినదానికి మించి నిర్బంధించరాదని అదే చట్టం 46వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి పరుగెత్తుతున్నవాడికి ఇచ్చిన మొదటి షాక్‌ను వారు సమర్థించుకోగలరు. కదలలేని స్థితిలో ఉన్నవాడికి ఇచ్చిన రెండో, మూడో షాక్‌లకు మాత్రం, మీటను నొక్కిన ప్రతిసారీ దాన్ని విడిగా ఒక బలప్రయోగంగా లెక్కగట్టి, సంజాయిషీ అడగవచ్చు.

ప్రాణహాని ఉండదన్న మాట పూర్తిగా నిజం కాదు. టేజర్ రకం పరికరం తీగలతో కూడిన రెండు ముళ్లను విసిరి, ఒకసారి నొక్కితే మామూలుగా 5 సెకన్లపాటు విద్యుత్తు పంపి కండరాలను బిగదీస్తుంది. పడిపోయే మనిషి చేతులు అడ్డుపెట్టుకోలేడు కనుక తలకు దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. వీలైనంతవరకు ఛాతీకి గురిపెట్టవద్దని 2009లో తయారీ సంస్థే సూచించింది. 2007 అక్టోబరులో కెనడాలోని వాంకూవర్ విమానాశ్రయంలో పోలీసులు పదేపదే షాక్ ఇచ్చిన తర్వాత రాబర్ట్ జెకాన్‌స్కీ అనే ప్రయాణికుడు మరణించాడు. విశ్రాంత న్యాయమూర్తి థామస్ బ్రెయిడ్‌వుడ్ విచారణ, అరుదుగానైనా ఈ ఆయుధాలు ప్రాణం తీయగలవని తేల్చింది. అయినా మీ తమ్ముడి కేసులో నిషేధం వాదన ఎత్తుకోవద్దు. అది నిపుణుల నివేదికల మధ్య ఏళ్లతరబడి నలుగుతుంది, ఆ మూడో షాక్ సంగతి మరుగున పడుతుంది.

అయిదు నెలలు ఊరుకోవడం మీరు చేసిన పెద్ద తప్పు. అరెస్టయిన వెంటనే వైద్య పరీక్ష చేసి, గాయాలనూ అవి తగిలిన సుమారు సమయాన్నీ నమోదు చేసి, ఆ నకలు ఇవ్వాలని నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ శాసిస్తోంది. దాన్ని మీరు అడిగినట్టే లేదు. మేజిస్ట్రేటు ముందు హాజరుపరిచినప్పుడు మీ తమ్ముడు గాయాల గురించి నోరు విప్పాడా లేదా అన్నది కూడా మీరు రాయలేదు. ఎదుటి న్యాయవాది మొదట అడిగేది అదే. రిమాండ్ రిపోర్టు, వైద్య నివేదికల ధ్రువీకృత ప్రతుల కోసం వెంటనే దరఖాస్తు చేయండి. స్టేషన్ సీసీటీవీ దృశ్యాలను 18 నెలలు, కనీసం ఏడాది భద్రపరచాలని పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు స్టేషన్ల గురించే కాబట్టి రోడ్డు మీది కెమెరాల దృశ్యాలను చెరపకుండా ఉంచమని కమిషనర్‌కు ఈ వారమే రిజిస్టర్డ్ పోస్టులో రాయండి. టేజర్ రకం పరికరమైతే ప్రతి ప్రయోగపు సమయం, వ్యవధి దానిలోనే నమోదవుతాయి. ఆ రికార్డునూ కోరండి. ఎవరైనా ఫోన్లో తీసి ఉంటే ఆ ఫోన్‌నే భద్రంగా ఉంచమనండి. వాట్సాప్‌లో చేతులు మారిన నకలు బలహీనం, పైగా కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా ఇవ్వాలి.

పాత తేదీ సర్టిఫికెట్ జోలికి వెళ్లవద్దు. కోర్టు కోసం తప్పుడు సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరం. ఆసుపత్రి రిజిస్టరులో ఆ తేదీన పేరు లేదని ఒక్క ప్రశ్నలో బయటపడుతుంది, దాంతో నిజంగా తగిలిన షాక్‌ను కూడా ఎవరూ నమ్మరు. దానికి బదులు ఉస్మానియా లాంటి ప్రభుత్వ ఆసుపత్రికి ఈరోజు తేదీతోనే వెళ్లి, మిగిలిన మచ్చలనూ వాటి మధ్య దూరాన్నీ రాయించుకోండి.

గడువుల విషయంలో జాగ్రత్త. మానవ హక్కుల కమిషన్ ఘటన జరిగిన ఏడాది దాటితే విచారించదు. చట్టం అమలు పేరిట జరిగిన చర్యకు సివిల్ నష్టపరిహారం దావా గడువు, లిమిటేషన్ చట్టం 72వ అధికరణం ప్రకారం, ఏడాదే. దానికి ముందు ప్రభుత్వానికి రెండు నెలల నోటీసు ఇవ్వాలి. సాధారణ గాయం నేరాన్ని కోర్టు విచారణకు స్వీకరించే గడువు కూడా ఏడాదే. మీకు ఏడు నెలలు మిగిలాయి. పోలీసు కస్టడీ మరణానికి పరిహారం ఇప్పించిన సుప్రీంకోర్టు నీలాబతి బెహెరా తీర్పు (1993) ఆధారంగా హైకోర్టులో పరిహారం కోరే రిట్‌కు నిర్ణీత గడువు లేకపోయినా, జాప్యానికి కారణం చెప్పాల్సి ఉంటుంది.

ముందు స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. నమోదు చేయకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) సెక్షన్ కింద పై అధికారికి పంపి, అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించండి. విధుల్లో ఉన్న ఉద్యోగిపై ఫిర్యాదు కాబట్టి దర్యాప్తుకు ఆదేశించే ముందు పై అధికారి నివేదికను మేజిస్ట్రేటు తెప్పించుకుంటారు; దానికి బెదరవద్దు. ఈ ఫిర్యాదులోనూ, మీ తమ్ముడి మీద ఉన్న కేసులోనూ ఒకే కథనం ఉండాలి. పరుగెత్తబోయిన మాట నిజమైతే దాన్ని ఒప్పుకొని, పట్టుబడిన తర్వాత ఏం జరిగిందో నిమిషాలతో సహా రాయమని చెప్పండి.