చిన్నా, ఆ ఊరికి మధ్యాహ్నంలోపే చేరండి

చిరంజీవి చిన్నాకి, బాబాయి ఆశీస్సులు.

జూలైలో జర్మనీలోని కీల్‌లో తెరచాప పడవ అద్దెకి తీసుకుని, కోడలితో కలిసి డెన్మార్క్‌లోని ఎరోస్కోబింగ్ వెళ్తున్నానని ఫోన్లో చెప్పావు. లైసెన్సు చేతికొచ్చింది, ఇంకేముంది అన్నట్టుంది నీ గొంతు. ఏటా వేసవిలో ఆ దీవుల మధ్య తిరిగేవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నాను. ఫోన్లో చెబితే "సరే బాబాయ్, సరే బాబాయ్" అంటూ ఇంకేదో చూసుకుంటావు.

ముందు కాగితాలు. డెన్మార్క్ కూడా షెంగెన్‌లోనే, అంటే సరిహద్దు తనిఖీలు పెద్దగా లేని దేశాల కూటమిలోనే ఉంది, కానీ మీది ఇండియన్ పాస్‌పోర్టు. పాస్‌పోర్టులూ, జర్మన్ రెసిడెన్స్ కార్డులూ, ఇద్దరివీ తడవని సంచిలో పెట్టుకోండి. తెరచాప కొయ్యకి కుడివైపున డెన్మార్క్ జెండా చిన్నది ఒకటి ఎగరెయ్యండి. అది మర్యాద.

కీల్ నుంచి ఒక్క ఊపులో ఎరోస్కోబింగ్ దాకా లాగొద్దు. మొదటిరోజు అదే ఎరో దీవి తూర్పు కొసన ఉన్న మార్స్టల్‌లో ఆగండి. అక్కడి రేవుకి అడ్డుగా పెద్ద రాతిగోడ కనిపిస్తుంది. 1825లో మొదలుపెట్టి ఊరి నావికులే రాళ్ళు మోసి కట్టుకున్నది. సాయంత్రం దాని మీద నడవండి.

మర్నాడు పొద్దున్నే బయల్దేరితే ఎరోస్కోబింగ్ రెండు మూడు గంటల దారి. దూరం తక్కువే, కానీ నీళ్ళ లోతు కూడా తక్కువ. దారి చూపడానికి నీళ్ళలో తేలే గుర్తులు, అవే బోయాలు, వాటి మధ్య కాలువలోంచే పోవాలి. రేవులోకి వెళ్ళేటప్పుడు ఎర్ర బోయా ఎడమవైపు అని నేర్పి ఉంటారు. దీవుల మధ్య "లోపలికి" అంటే ఎటో కంటితో తెలియదు, ఛార్టు (సముద్రపు మ్యాపు) మీద బాణం గుర్తు చూసే తేల్చుకోవాలి. మూల కోసి దగ్గర దారిన పోదామనిపిస్తుంది. నాకూ ఒకసారి అనిపించింది. తీరా చూస్తే ఎదురుగా ఒక పక్షి నీళ్ళలో తేలడం లేదు, మోకాలిలోతులో నిలబడి ఉంది! మళ్ళీ ఎప్పుడూ మూల కొయ్యలేదు.

ఇక అసలు సంగతి, పడవని రేవులో కట్టెయ్యడం. జూలైలో మధ్యాహ్నం మూడు దాటాక చోటు దొరకడం కష్టం. పొద్దున వెళ్ళేవాళ్ళు వెళ్ళిపోయాక, పన్నెండులోపు చేరితే నీకు నచ్చిన చోటు నీది. ప్రతి చోటు ముందూ గట్టుకి చిన్న పలక ఉంటుంది. ఎరుపు ఉంటే ఎవరిదో, పచ్చ ఉంటే ఖాళీ. పచ్చ పలక మీద తేదీ రాసి ఉంటే అదీ చదువు. చదవకుండా నేను హాయిగా వంట మొదలుపెట్టిన రోజున, పోపు వెయ్యబోతుండగా ఆ చోటు అతను తిరిగొచ్చాడు. పాపం ఏమీ అనలేదు. మూకుడు స్టవ్ మీదే ఉంచి పడవ కదిపాను.

ఆ చోటునే బాక్స్ అంటారు. ముందు గట్టు, వెనక నీళ్ళలో రెండు గుంజలు. వాటి మధ్య నుంచి ముక్కు ముందుగా దూరాలి. గాలి వచ్చే వైపు గుంజకి మొదట తాడు వెయ్యి, తర్వాత రెండోది. వెనక తాళ్ళు రెండూ చివర ఉచ్చు వేసి, చేతికందేలా పెట్టుకో. కోడలు ముందు తాళ్ళతో ముక్కు దగ్గర ఉంటుంది. మెల్లగా వెళ్ళు, కానీ మరీ మెల్లగా కాదు. వేగం చచ్చిపోతే గాలి ముక్కుని పక్కకి తోసేస్తుంది. ఫెండర్లు, అదే పడవ పక్కలకి దెబ్బ తగలకుండా వేలాడదీసే గాలి బుడ్లు, మాత్రం లోపలికి దూరాకే దించు. మొదటి ఏడాది నేను ముందే వేలాడదీశాను. సీసా మూతిలో బిరడాలా రెండు గుంజల మధ్యా ఇరుక్కుపోయాం. చుట్టుపక్కల పడవల్లో కాఫీ తాగుతున్నవాళ్ళందరికీ మేమే సినిమా. పిన్ని మీద అరిచాను కూడా. ఆ విషయం ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు, నువ్వు అరవకు. గట్టు మీద ఎవరో ఒకరు చెయ్యి చాస్తారు. తాడు ఇచ్చి "టాక్" అను, థాంక్స్ అని అర్థం.

కాకినాడలోలా అక్కడ ఆటుపోట్లు లేవనుకో, కానీ గాలే నీటిని తెస్తుంది, తీసుకుపోతుంది. రెండు మూడు రోజులు పడమటి గాలి గట్టిగా వీస్తే నీళ్ళు తగ్గుతాయి, తూర్పు గాలికి పెరుగుతాయి. 2023 అక్టోబరులో తూర్పు తుపాను గాలికి ఆ తీరంలో చాలా రేవులు మునిగాయి. వేసవిలో అంత ఉండదు. తాళ్ళు కాస్త వదులుగా కడితే చాలు.

రేవులో చోటుకి అద్దె డబ్బు గట్టు మీది మెషీన్‌లో కార్డుతో కట్టి, వచ్చిన స్టిక్కర్ ముందు భాగంలో అంటించండి. చోటు లేక వేరే పడవ పక్కన కట్టాల్సొస్తే, వాళ్ళ పడవ ముందు భాగం మీదుగానే దాటండి. వెనక కాక్‌పిట్, అంటే కూర్చుని పడవ నడిపే చోటు, వాళ్ళ హాలు లాంటిది.

ఊరు చిన్నది, గంటలో తిరిగెయ్యొచ్చు, కానీ తిరిగెయ్యకండి. రాళ్ళు పరిచిన వీధులు, వంగిన పాత ఇళ్ళు, గోడ మొదట్లో పేవ్‌మెంట్ సందులోంచి మనిషెత్తు లేచిన హాలీహాక్ పూలు. సీసా ఓడల మ్యూజియం తప్పకుండా చూడండి. పీటర్ యాకబ్‌సన్ అనే నావికుడు (1873-1960) 1,700కి పైగా సీసాల్లో ఓడలు కట్టాడు. కొయ్యలు పడుకోబెట్టి ఓడని మూతిలోంచి దూర్చి, లోపలికి వెళ్ళాక దారం లాగితే అవి లేచి నిలబడతాయి. ఇరుక్కుపోయిన మర్నాడే నేను అది చూశాను. పిన్ని నా వంక చూసి ఒక నవ్వు నవ్వింది.

దీవిలో బస్సులు ఉచితం. రేవు దగ్గర పొగబెట్టిన చేప దొరుకుతుంది, ఆవకాయ మర్చిపోవద్దు. రాత్రి పదింటికి కూడా వెలుగుంటుంది, పడమటి ఒడ్డున రంగురంగుల చెక్క గదుల దగ్గర కూర్చోండి.

అద్దె పడవల్లో వెనక తాళ్ళు పొట్టిగా ఉంటాయి చాలాసార్లు. నా దగ్గర పొడవాటివి రెండున్నాయి. శనివారం భోజనానికి వచ్చి పట్టుకెళ్ళండి. గుంజకి ఉచ్చు వెయ్యడం పెరట్లో కుర్చీ మీద ప్రాక్టీస్ చేద్దాం.

ఇట్లు,
బాబాయి