రాట్‌వైలర్‌ని తెస్తున్న చిన్నాకి

చిరంజీవి చిన్నాకి పెదనాన్న ఆశీస్సులు.

రాట్‌వైలర్ పిల్లని తెస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. నిజమే, నీకు ఓపికుంది, పెంచగలవు. కానీ ఇంట్లో మూడేళ్ల పాప ఉంది. పైగా "యజమాని ఎవరో కుక్కకి మొదటిరోజే తెలియాలి" అని నీకెవరో నూరిపోశారట. అందుకే ఈ ఉత్తరం.

టీకాలు టైముకి వేయించు. ఎండెక్కాక తారురోడ్డు మీద నడిపించకు. లాగితే మెడ బిగించే చోక్ చైన్ కొనకు, ఒంటికి తొడిగే పట్టీల్లో ఛాతీ దగ్గర కొక్కెం ఉండే హార్నెస్ కొను.

మందకి ఒక నాయకుడుంటాడు, మిగతావాటిని అణిచి ఏలతాడు అనే ఆ 'ఆల్ఫా' గోలంతా 1947లో రుడాల్ఫ్ షెంకెల్ చేసిన తోడేళ్ల పరిశీలన నుంచి మొదలైంది. అవి బోనుల్లో పెట్టిన తోడేళ్లు. 1970లో తన పుస్తకంతో ఆ మాటని జనంలోకి తెచ్చిన డేవిడ్ మెక్, కెనడా ఉత్తరాన స్వేచ్ఛగా తిరిగే తోడేళ్లని ఏళ్ల తరబడి చూశాక 1999లో తనే సరిదిద్దాడు: మందంటే తల్లీ తండ్రీ పిల్లలూ, అంతే. కుక్కని వెల్లకిలా తిప్పి అదిమిపెట్టే పద్ధతి మాత్రం ఇంకా చావలేదు. 2009లో అమెరికాలో పశువైద్యులు యజమానులని అడిగి చూస్తే, అలా అదిమినవాళ్లలో నూటికి 31 మంది మీదికి కుక్క తిరగబడింది. తన్నినా కొట్టినా నూటికి 43 మంది మీదికి.

నాకు అన్నిటికన్నా భయం తిండిగిన్నె దగ్గరే. తింటున్న కుక్క గిన్నెలో చెయ్యి పెట్టి కెలకడం, గిన్నె లాగేసుకోవడం మన ఇళ్లలో పాత అలవాటు. దానికి 'అదుపు' అని పేరు. కుక్కకి మాత్రం అందులో ఒకటే అర్థమవుతుంది: మనిషి దగ్గరికొస్తే కూడు పోతుంది. మొదట ఒళ్లు బిగుస్తుంది, గబగబా మింగుతుంది, తల కదపకుండా ఓరగా చూస్తుంది, కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది. తరవాత గుర్రుమంటుంది. అప్పుడు కొట్టావనుకో, గుర్రుమనడం మానేస్తుంది, కోపం మాత్రం పోదు. ఈసారి హెచ్చరిక లేకుండానే కరుస్తుంది. పాప ఎత్తుకి ఆ నోరు సరిగ్గా మొహం దగ్గరుంటుందిరా!

దాని బదులు ఇలా చెయ్యి. అది తింటుంటే ఒళ్లు బిగించనంత దూరంలో, ఆరడుగులనుకో, నిలబడి ఉడికించిన చికెన్ ముక్క గిన్నెవైపు విసిరి వెళ్లిపో. పూటకి నాలుగైదుసార్లు చాలు. నువ్వు కనబడగానే అది తలెత్తి తోకూపితే ఒక అడుగు దగ్గరికి జరుగు. బిగుసుకుంటే రెండడుగులు వెనక్కి. తొందరపడితే మొదటికొస్తుంది. పాప మాత్రం గిన్నె దగ్గరికి అసలు పోకూడదు. కుక్క తినేటప్పుడు మధ్యలో గేటు ఉండాల్సిందే.

పెంకికుక్క అంటే రాజ్యం కోరే కుక్క కాదు. కూలి గిట్టుబాటు కాకపోతే పని చెయ్యదు, అంతే. కోడి కార్జం ఉడకబెట్టి శనగగింజంత ముక్కలు కోసుకో. కూర్చోగానే 'ఎస్' అను, ఆ వెంటనే ముక్క నోట్లో పెట్టు. ఆలస్యమైతే అది లేచి నిలబడినందుకు ఇచ్చినట్టవుతుంది. అయిదేసి నిమిషాల చొప్పున రోజుకి మూడుసార్లు చాలు. ఆ మేరకి అన్నం తగ్గించు. ఇంట్లో విని వీధిలో వినకపోతే అది పొగరు కాదు, వీధిలో ఇంకా నేర్పలేదని. బాగా వినే కుక్క ఉన్నట్టుండి కూర్చోనంటే తుంటి నొప్పేమో డాక్టరుకి చూపించు, ఈ జాతికి అది మామూలే.

అలాగని ముద్దు చేసి నెత్తికెక్కించుకోమని కాదు. మీదికి దూకితే వెనక్కి తిరిగి నిలబడు, నాలుగు కాళ్లూ నేలమీద ఉన్నప్పుడే పలకరించు. మొదట్లో ఇంకా ఎక్కువ దూకుతుంది. అప్పుడు మెత్తబడ్డావో, గట్టిగా దూకితే పనవుతుందని నువ్వే నేర్పినట్టు.

మీ పెద్దమ్మ కార్జం ఉడకబెట్టి బస్సులో పంపుతానంటోంది. దారిలో పాడవుతుందని వద్దన్నాను. అయినా పంపేస్తుందేమో, వాసన చూసి పెట్టు.

మీ పెదనాన్న