దుబాయ్ జిమ్‌కి ట్రైనర్‌గా వెళ్ళబోతున్న మా చిన్నోడికి

ఆమదాలవలస,
ఆదివారం సాయంత్రం

చిన్నోడా,

నిన్న నువ్వు ఫోన్‌లో అన్న మాట రాత్రంతా నా చెవిలోనే ఉంది. "పెద్దమ్మా, బరువులు ఎన్ని ఎత్తమన్నా ఎత్తుతాను, ఆ దుబాయ్ జిమ్ వాళ్ళతో వీడియో కాల్ ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో మాట్లాడమంటే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడటం లేదు" అన్నావు. ఫోన్‌లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తావని ఉత్తరమే రాస్తున్నాను. దగ్గర పెట్టుకుని నాలుగైదు సార్లు చదువు.

నువ్వు మొత్తం ఇంగ్లీషు నేర్చుకోనక్కర్లేదు. ఒంటి గురించి, నొప్పి గురించి, కసరత్తు గురించి మాట్లాడేంత వస్తే చాలు. అందులో కొన్ని మాటలు నీకు ఇప్పటికే వచ్చు. వెయిట్‌లిఫ్టర్ల ఊరు కొండవెలగాడలో పుట్టినవాడివి, బరువులెత్తే పోటీల్లోని స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్ అనే మాటలు అఆలతో పాటే విన్నావు. మా పక్క ఊసవానిపేట కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చినప్పుడు మా వీధిలో ముసలమ్మలు కూడా ఆ మాటలే పలికారు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు చూడు. కవిటి, సోంపేట ఊళ్ళలో బడి మొహం చూడని ఆడవాళ్ళు "మా ఆయనకి క్రియాటినిన్ ఐదు దాటిందమ్మా, డయాలసిస్ అంటున్నారు" అని పొల్లు పోకుండా చెప్తారు. వాళ్ళెవరూ పుస్తకం చూసి నేర్చుకోలేదు, ఇంట్లో మనిషికి వచ్చిన కష్టంతో నేర్చుకున్నారు. నువ్వు కూడా నీ ఒంటి నుంచే మొదలుపెట్టు.

ఒక నోటుబుక్కు కొనుక్కో. ఎడమ పేజీలో నొప్పిని తెలుగులో రాయి. వట్టి "నొప్పి" అని కాదు. ఎలాంటి నొప్పి? మన దగ్గర ఎన్ని మాటలున్నాయో గమనించావా? సలుపుతోంది అంటే థ్రాబింగ్. పోటు పొడిచినట్టుంటే స్టాబింగ్ పెయిన్. మంటగా ఉంటే బర్నింగ్. కాళ్ళు పీకుతున్నాయి అంటే ఏకింగ్. తిమ్మిరెక్కింది అంటే నంబ్. "పట్టేసింది" దగ్గర కాస్త ఆగాలి. మెడ పట్టేసింది అంటే స్టిఫ్ నెక్, పిక్క పట్టేసింది అంటే క్రాంప్ ఇన్ ద కాఫ్. మనకి ఒకటే మాట, వాళ్ళకి రెండు. అందుకే మాటకి మాట మార్చడానికి చూడకు. ఆ సమయంలో ఒంట్లో ఏం జరుగుతోందో మనసులో చూసుకుని, దానికి ఇంగ్లీషులో ఏమంటారో పట్టుకో.

అవయవాల పేర్లలోనూ ఇదే చిక్కు. మనం కాలు అంటే తొడ నుంచి వేళ్ళ దాకా అన్నీ వచ్చేస్తాయి. వాళ్ళకి పైదంతా లెగ్, చీలమండ కింద ఫుట్. చెయ్యి కూడా అంతే, మణికట్టు దాకా ఆర్మ్, అక్కడి నుంచి హ్యాండ్. మోచేతి కింద ఎముక విరిగినవాణ్ణి "హ్యాండ్ ఫ్రాక్చర్" అంటే వినేవాళ్ళు వేళ్ళకేసి చూస్తారు. నడుము నొప్పిని వెయిస్ట్ పెయిన్ అనకు, లోయర్ బ్యాక్ పెయిన్ అను. వెయిస్ట్ అనే మాట ప్యాంటు కొలతకి ఉంచుకో. ఇక "నరం" సంగతి. నరం లాగింది, నరం పట్టింది, నరం ఉబ్బింది అని మనం నెర్వ్‌నీ (స్పర్శ, నొప్పి మోసేది), వెయిన్‌నీ (రక్తం మోసేది), టెండన్‌నీ (కండరాన్ని ఎముకకి కట్టేది) ఒకే గాటన కట్టేస్తాం. జిమ్‌లో ఎవరైనా "నరం లాగింది" అన్నట్టు మొహం పెడితే అది చాలాసార్లు కండరం లాగడమే, పుల్డ్ మజిల్ అనాలి. కండరం గానీ టెండన్ గానీ సాగి దెబ్బతింటే స్ట్రెయిన్, కీలు బెణికి లిగమెంట్, అంటే ఎముకని ఎముకకి కట్టే పట్టీ, దెబ్బతింటే స్ప్రెయిన్. ఈ రెండూ కలిపేయకు, ట్రైనర్ నోట తప్పు మాట వస్తే ఎదుటివాళ్ళకి నమ్మకం పోతుంది.

"వేడి చేసింది", "వాతం చేసింది" లాంటివి ఇంగ్లీషులోకి తెద్దామని అవస్థ పడకు. నోట్లో పుండ్లు పడ్డాయా, మూత్రం మంటగా ఉందా, కంటికి కనిపించేది, ఒంటికి తెలిసేది చెప్పు.

ఇప్పుడు గ్రామర్. దీని గురించి నీకు ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్తాను. నేను నర్సు ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, మద్రాసులో నైట్ డ్యూటీ. ఒక నలభై ఏళ్ళ మనిషి మంచం మీద లేచి కూర్చుని పిడికిలి ఛాతీకి ఆనించుకున్నాడు. చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది. నేను పరుగెత్తి డాక్టరుగారికి ఫోన్ చేశాను. మనసులో "ఛాతీలో నొప్పి వచ్చింది" అనుకున్నాను, నోటితో "హి హాడ్ చెస్ట్ పెయిన్, సర్" అన్నాను. "ఇప్పుడు తగ్గింది కదా, చూస్తూ ఉండండి" అన్నట్టు ఆయన ఇంగ్లీషులో చెప్పి పెట్టేశారు. కాసేపటికి సీనియర్ సిస్టర్ వచ్చి ఆ మనిషిని చూసి, ఫోన్ లాక్కుని "హి హాజ్ చెస్ట్ పెయిన్ నౌ" అంది. డాక్టరుగారు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు. ఆ మనిషి బతికాడు. నాకు మాత్రం ఆ మధ్యలో పోయిన పది నిమిషాలు ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

ఎక్కడ తప్పిందో చూడు. తెలుగులో జ్వరం వచ్చింది, ఆకలేసింది, అలసిపోయాను అంటే అవి ఇప్పుడు ఉన్నాయనే అర్థం. ఇంగ్లీషులో వట్టి హాడ్ అన్నావంటే అయిపోయిందని అర్థం. ఇప్పుడు ఉన్నదానికి హాజ్, హావ్, ఈజ్ వాడు. ఐ హావ్ ఎ ఫీవర్. ఐ యామ్ టయర్డ్. కళ్ళు తిరుగుతుంటే ఐ ఫీల్ డిజీ.

"మూడు రోజుల నుంచి మోకాలు నొప్పి" అనడానికి మనవాళ్ళు "సిన్స్ త్రీ డేస్" అంటారు. నీకొక కిటుకు చెప్తాను, నా దగ్గర నర్సింగ్ నేర్చుకున్న అమ్మాయిలందరికీ ఇదే చెప్పేదాన్ని. నుంచి తీసేసి "గా" పెట్టి చూడు. మూడు రోజులుగా అనొచ్చు, అయితే ఫర్: మై నీ హాజ్ బీన్ హర్టింగ్ ఫర్ త్రీ డేస్. "సోమవారంగా" అనలేవు కదా, అయితే సిన్స్: సిన్స్ మండే. నెలగా, ఏడాదిగా, అన్నీ ఫర్. చిన్నప్పటి నుంచి, యాక్సిడెంట్ అయినప్పటి నుంచి, ఇవి సిన్స్.

జిమ్‌లో నువ్వు చెప్పడం కన్నా అడగడం ముఖ్యం. వేర్ డజ్ ఇట్ హర్ట్? హౌ లాంగ్ హావ్ యూ హాడ్ ఇట్? డజ్ ఇట్ గెట్ వర్స్ వెన్ యూ బెండ్? ఆర్ యూ టేకింగ్ ఎనీ మెడిసిన్స్? ఈ నాలుగూ నిద్రలో లేపి అడిగినా రావాలి. జవాబులో సోర్ (కండలు పచ్చిపుండులా ఉండటం) అన్నారా, షార్ప్ పెయిన్ (చురుక్కుమనే నొప్పి) అన్నారా బాగా విను. కొత్తగా కసరత్తు మొదలుపెట్టాక ఒకటి రెండు రోజులు కండలు సోర్‌గా ఉండటం మామూలే. షార్ప్, నంబ్, టైట్‌నెస్ ఇన్ ద చెస్ట్ (ఛాతీ బిగుసుకోవడం), షార్ట్ ఆఫ్ బ్రెత్ (ఊపిరి అందకపోవడం), లైట్‌హెడెడ్ (తల తేలిపోవడం), ఈ మాటల్లో ఏది వినిపించినా బరువు దింపించేసి కూర్చోబెట్టు, డాక్టరుకి చెప్పించు. నువ్వు ఇంగ్లీషు నేర్చుకునేది దీనికోసమేనని నా మటుకు నాకు అనిపిస్తుంది.

పలకడంలో ఒక్కటి చూసుకో. రాసినట్టు పలకకు. మజిల్‌లో సి, కాఫ్‌లో ఎల్, మోకాలికి వాడే "నీ" అనే మాటలో కె, రిస్ట్‌లో డబ్ల్యు, థమ్‌లో బి రాస్తారు గానీ పలకరు.

మర్యాద కూడా నేర్చుకోవాలి నాయనా. మనకి "వంగండి" అంటే చివరి అండీలోనే గౌరవం ఉంటుంది. ఇంగ్లీషులో వట్టి బెండ్ అంటే గదమాయించినట్టుంటుంది. లెట్స్ బెండ్ ద నీస్, ట్రై కీపింగ్ యువర్ బ్యాక్ స్ట్రెయిట్, ఇలా అను. మన ఊళ్ళో కనిపించగానే "లావయ్యావేటి" అని ప్రేమగానే అంటాం, అక్కడ యూ హావ్ బికమ్ ఫ్యాట్ అంటే మళ్ళీ నీ మొహం చూడరు. బరువు సంగతి వాళ్ళే ఎత్తనీ. తగ్గితే లాస్ట్ ఫైవ్ కిలోస్, పెరిగితే గెయిన్డ్.

రోజూ పొద్దున్న నెల్లిమర్ల రోడ్డు మీద వేగంగా నడుస్తూ ఆ నోటుబుక్కులోవి పైకి అను. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం ఉంటే దాన్ని మోడరేట్ అంటారు. పెద్దవాళ్ళకి వారానికి కనీసం 150 నిమిషాలు అలాంటి కసరత్తు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఈ లెక్క ఇంగ్లీషులో చెప్పడం కూడా నేర్చుకో, ఇంటర్వ్యూలో పనికొస్తుంది. బీపీ 120/80 అయితే వన్ ట్వంటీ ఓవర్ ఎయిటీ అనాలి.

వచ్చే ఆదివారం రా. నోటుబుక్కు తెచ్చుకో. నేను మోకాలి నొప్పి ఉన్న దుబాయ్ ఆవిడలా కూర్చుంటాను, నువ్వు ట్రైనర్‌లా అడుగు. మధ్యాహ్నం భోజనం వేళ దాకా తెలుగు మాట నీ నోట రాకూడదు. అమ్మకి చెప్పు, చింతపండు అయిపోయింది, కొంచెం పంపమను.

మీ పెద్దమ్మ