నల్లగొండ డాబా మీంచి విమానాల ఫోటోలు: పెద్ద లెన్స్ కొనాలా?

మీరడిగింది ఇదీ: నల్లగొండలో డాబా ఎక్కి 70-300 లెన్స్‌తో తీస్తే విమానం తెల్లచుక్కలా వస్తోంది, అప్పు చేసైనా 600 లెన్స్ కొనాలా అని. వద్దండి. నేనూ నల్లగొండవాణ్నే. కొన్నాను, ఏడాది తిరక్కుండా సగం ధరకు అమ్ముకున్నాను.

ఒకసారి లెక్క చూడండి. మన నెత్తి మీద తెల్లగీతలు గీసుకుంటూ పోయేవి శంషాబాద్‌లో దిగేవి కావు, పైపైన దాటిపోయేవి. మ్యాప్ మీద చెన్నై నుంచి ఢిల్లీకి స్కేలు పెట్టి గీత గీస్తే అది నల్లగొండకు పది కిలోమీటర్ల అటూఇటుగానే పోతుంది. 35 వేల అడుగులంటే నిలువునా 10.7 కిలోమీటర్లు. ఎయిర్‌బస్ ఏ320 పొడవు 37.57 మీటర్లు. 24 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) కెమెరాకు 300 ఎంఎం తగిలిస్తే, 6000 పిక్సెళ్ల వెడల్పున్న ఫోటోలో ఆ విమానానికి దక్కేది సుమారు 270. లెన్స్ రెండింతలు చేస్తే 540. డబ్బులు మాత్రం రెండింతలతో ఆగవు. పైగా మధ్యలో పది కిలోమీటర్ల గాలి. ఏప్రిల్, మే ఎండల్లో పొద్దున ఎనిమిది దాటితే ఆ గాలి మరిగే నీళ్లలా కదులుతుంది, ఎంత లెన్స్ పెట్టినా తోక మీది రంగు అలుక్కుపోతుంది.

ఆ డబ్బులో పెట్రోలుకు కొంచెం తీయండి చాలు. శంషాబాద్ రన్‌వేలు తూర్పు–పడమరగా ఉంటాయి. ఆ గీతను తూర్పుకు పొడిగించుకుంటూ వస్తే దాదాపు చౌటుప్పల్ మీదికి వస్తుంది. అంటే తూర్పు నుంచి దిగే విమానాలు మన పాత నల్లగొండ జిల్లా మీదే వరుసలోకి వస్తాయన్నమాట. రాత్రి చౌటుప్పల్ దాటి హైదరాబాద్ వైపు పోతుంటే పడమటి ఆకాశంలో ఒకదాని వెనక ఒకటి దీపాలు కనిపిస్తాయి చూడండి, ఆ వరుసే. మూడు డిగ్రీల వాలులో దిగుతాయి కాబట్టి ఇబ్రహీంపట్నం ప్రాంతానికి వచ్చేసరికి నేల నుంచి మూడు నాలుగు వేల అడుగుల్లో ఉంటాయి. కెమెరాకు, విమానానికి మధ్య దూరం కిలోమీటరున్నర అనుకోండి, మీ దగ్గరున్న 300లోనే అదే ఏ320కి 1900 పిక్సెళ్లు వస్తాయి. కిటికీలు లెక్కపెట్టుకోవచ్చు.

అయితే ఏ రోజు పడితే ఆ రోజు పోతే కుదరదు, నేను మొదట్లో నాలుగు ఆదివారాలు ఇలాగే ఉత్తచేతులతో వచ్చాను. విమానం గాలికి ఎదురు తిరిగి దిగుతుంది. పడమటి గాలి వీచే వానాకాలంలో తూర్పు నుంచి, అంటే మన వైపు నుంచి వస్తాయి. చలికాలంలో తూర్పుగాలి తిరిగితే చాలా రోజులు పడమర నుంచి దిగుతాయి, మన వైపుకు ఎక్కేవే మిగులుతాయి. ఎక్కేవి త్వరగా ఎత్తుకు పోయి తిరిగిపోతాయి, ఫోటోకు అంత అందవు. మా బాపు వడ్లు తూర్పారబట్టే ముందు చేట ఎత్తి గాలి ఎటుందో చూసేవాడు. నేను ఫోన్‌లో చూస్తాను, తేడా అంతే. శంషాబాద్ వాతావరణ రిపోర్టు వీఓహెచ్ఎస్ అనే కోడ్‌తో దొరుకుతుంది. అందులో గాలి దగ్గర 270, 260 లాంటి అంకె ఉంటే పడమటి గాలి, బండి తీయండి. 090, 080 ఉంటే ఇంట్లో పడుకోండి. విమానాలు ఎటు పోతున్నాయో మ్యాప్ మీద చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో ముందు వచ్చిన రెండు విమానాలు ఎటునుంచి దిగాయో చూసుకుంటే ఇంకా ఖాయం.

చిక్కేమిటంటే, విమానాలు మన వైపు వచ్చే కాలంలోనే ఆకాశం మబ్బుగా ఉంటుంది. నేను రాత్రి వాన పడి తెల్లారి తెరిపిచ్చిన రోజు కోసం కాచుకుంటాను. దుమ్మంతా కడుక్కుపోయి, ఏడు గంటల ఎండలో విమానం పొట్ట మీది రివెట్ల వరస దాకా కనిపించిన ఫోటో ఒకటుంది నా దగ్గర, జులైలో తీసింది. జూన్, జులైలో పొద్దుటి సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా ఉంటాడు కాబట్టి విమానాల దారికి ఉత్తరం పక్కన నిలబడితే వెలుతురు మీ వెనకనుంచి పడుతుంది.

ఎయిర్‌పోర్టు గోడ దగ్గరికి మాత్రం పోకండి, డ్రోన్ ఊసే వద్దు. పొలం గట్టు మీద నిలబడ్డా ఆ రైతును ఒకమాట అడగండి. నన్ను ఒకాయన దొంగననుకుని పది నిమిషాలు నిలదీశాడు, కెమెరాలో ఫోటోలు చూపించాక తనే నీడలో మంచం వేశాడు.

(పాతమాట ఒకటి. ఆరు ఇంజన్ల భారీ సరుకు విమానం ఏఎన్-225 మ్రియా 2016 మేలో శంషాబాద్ వచ్చింది. నేను ఆ రోజు మిర్యాలగూడలో పెళ్లిభోజనం చేస్తున్నాను. 2022లో యుక్రెయిన్ యుద్ధంలో అది ధ్వంసమైంది. అలాంటిది ఒక్కటే ఎగిరింది ప్రపంచంలో. ఇప్పటికీ మా బావ ఆ పెళ్లి మాటెత్తితే నాకు ఒళ్లు మండుతుంది.)

సెట్టింగులకు వస్తే, జెట్ అయితే షట్టర్ 1/1000, ఎఫ్/8, ఆకాశం వెలుగుకు పొట్ట నల్లబడకుండా ఎక్స్‌పోజర్ +0.7. రెక్కల మీద ఫ్యాన్లున్న చిన్న విమానం ఏటీఆర్ వస్తే మాత్రం షట్టర్ 1/200కు దించి, విమానంతో పాటే కెమెరా తిప్పుతూ తీయండి. చాలావరకు చెడిపోతాయి, పదింట్లో ఒకటి నిలుస్తుంది. దించకపోతే ఏమవుతుందో నాకు మా నాయనమ్మ చెప్పింది. 1/2000లో తీసిన ఏటీఆర్ ఫోటోను పెద్దది చేసి గర్వంగా చూపిస్తే, కళ్లద్దాలు సవరించుకుని దగ్గరగా చూసి, "ఫ్యాన్లు ఆగిపోయినయ్ గదరా, అండ్ల ఉన్నోళ్లు ఏమైన్రు?" అంది.